సంతకం తావులో ఏలిముద్ర

తిరపతి,
15-6-1998

నాయనా సుబ్బన్నా,

మీ అక్క దేవకమ్మ చెప్పి రాయిస్తా ఉండే ఉత్తరం. మోకాళ్ళ నొప్పి తప్ప నాకేం కొదవ లేదు. బంగారుపాళ్యం తోటలో కొని నువ్వు బస్సుకేసిన మామిడికాయల గంప వచ్చి చేరింది. అడుగున ఆరు కాయలు కుళ్ళిపోయినాయి. గంపలో గడ్డి పరిచేది కూడా అరవై మూడేండ్లకు నేనే నేర్పాల్నా నీకు?

అది పక్కన పెట్టు. నువ్వు చిత్తూరు పంచాయతీ సమితి ఆఫీసులో ముప్పై ఒక్క ఏండ్లు మీటింగుల పుస్తకం రాసినోడివి గదా, నీ దగ్గర్నించి నాకొకటి తెలియాల. కుర్చీలో కూర్చున్న మనిషికి ఎంత అధికారం ఉంటాది?

ఎందుకడుగుతా ఉండానంటే, మీ బావ రేణిగుంట రైల్వేలో రెక్కలు ముక్కలు చేసుకోని కొన్న ఈ ఇల్లు నా పేరు మీద ఉండేది నీకు తెలుసు. ఆయన పోయి నాలుగేండ్లాయె. ఈ వకుళ నివాసులో పదహారు ఇండ్లు, పదహారు ఇండ్లకూ ఒక సంఘం. దానికి ప్రెసిడెంటు మూడో అంతస్తు కృష్ణమూర్తి. ఇంజినీరు పని చేసి రిటైరైనాడు. ఇంట్లో పెండ్లాం దగ్గర మాట సాగదు కాబట్టి ఈడ కుర్చీలో కూర్చుంటే లేవడు.

నిన్న ఆదివారం మీటింగు. మెట్ల కింద గదిలో మా వాచ్‌మన్ పెంచలయ్య, ఆయన పెండ్లాం కాపరం ఉండారు. ఈ బిల్డింగు పునాది తీసిన నాటినించి ఉండారు. ఆ గది పగలగొట్టి కారు షెడ్డు కట్టాలంటాడు కృష్ణమూర్తి. మీటింగు నోటీసు కాయితంలో లేని సంగతి, ఆఖర్లో ‘ఇతర విషయాలు’ అని నోట్లోంచి ఊడిపడింది. నేను లేచినా.

“ఆ మనిషిని పొమ్మంటే యాడికి పోతాడయ్యా?” అన్నా.

పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టినాడు. “దేవకమ్మగారూ, అధ్యక్షుడు అనుమతించకుండా మాట్లాడకూడదు.”

“అయితే అనుమతించు.”

“అనుమతించను.”

సరే, మాట లేకుంటే చెయ్యన్నా ఉంటాది గదా అని చెయ్యెత్తినా. “మీ చెయ్యి లెక్కలోకి రాదు. రిజిస్టరులో సంతకం చేసినవాళ్ళకే ఓటు. మీరు వేలిముద్ర వేసినారు” అన్నాడు, పదిమంది ముందర. ఇంటి రిజిస్ట్రేషన్ నాడు సబ్ రిజిస్ట్రారు నా ఏలు పట్టుకోని తానే కాయితం మీద ఒత్తించినాడు. గవర్నమెంటుకు పనికొచ్చిన ఏలు కృష్ణమూర్తికి పనికిరాదంట!

కింది ఇంటి శకుంతలమ్మ టీచరు పని చేసినామె. “కాయితంలో లేనిది ఈపొద్దు తేల్చకూడదు” అంటే, ఇరవై ఎనిమిదో తేదీకి వాయిదా వేసినాడు. ఆ లోపల నాకు జవాబు రావల్ల. ఊరికే ‘ఓర్చుకో అక్కా’ అని రాస్తే చించి పొయ్యిలో పెడతా.

నీ అక్క,
దేవకమ్మ (ఏలిముద్ర)


చిత్తూరు,
20-6-1998

అక్కకు సుబ్బన్న నమస్కారాలు.

మామిడికాయల సంగతి తప్పే. ఈసారి గడ్డి వేసి పంపిస్తా. నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నా. ఎవరు రాసి పెట్టినారో గానీ అక్షరాలు ముత్యాల మాదిరి ఉన్నాయి. మా ఆఫీసులో అట్లాంటి చేతిరాత ఒక్కరికీ లేకపోయె.

నువ్వు అడిగినదానికి జవాబు. కుర్చీకి అధికారం ఉంది అక్కా, లేదని నేను చెప్పను. ఎవరు ముందు మాట్లాడాల, ఎవరు తర్వాత మాట్లాడాల, ఎవరు కూర్చోవాల అని చెప్పేది కుర్చీయే. గోల చేస్తే మీటింగు ఆపొచ్చు. అందుకని నువ్వు గొంతు పెంచొద్దు. ఏం అడిగినా పక్కవాళ్ళను చూసి కాదు, కుర్చీని చూసి ‘అధ్యక్షా’ అని అడగాల. ఆయన మాట్లాడొద్దంటే ఆ పూటకు కూర్చో. కుర్చీని గౌరవించకపోతే మన న్యాయం కూడా అన్యాయం మాదిరి కనిపిస్తుంది.

అయితే ఆ అధికారం అంతా మీటింగు నడిపేదానికే. ఓటు ఉండాల్నా వద్దా అనేది సంఘం నియమావళిలో రాసి ఉంటుంది, ఆయన నోట్లో కాదు. ఆ పుస్తకం సంపాదించి నకలు పంపించు. మీటింగు మొదలయ్యేటప్పుడు కోరం చూసుకో. కోరం అంటే, కనీసం ఇంతమంది ఉంటేనే మీటింగు చెల్లుతుంది అని ఒక లెక్క. అది తగ్గితే ఏ తీర్మానమూ నిలబడదు.

ఇంకొక మాట, తమ్ముడిగా చెప్తున్నా, కోపం తెచ్చుకోవద్దు. నీ ఓటు కోసం కొట్లాడు, అది న్యాయం. ఆ వాచ్‌మన్ కోసం మాత్రం ఇరుగుపొరుగుతో విరోధం ఎందుకు? అట్లాంటోళ్ళు ఈడ కాకుంటే ఇంకొక తావున ఉంటారు. వాళ్ళకు అలవాటే. మోకాళ్ళకు కొబ్బరినూనెలో కర్పూరం వేసి రుద్దుకో.

నీ తమ్ముడు,
సుబ్బన్న


తిరపతి,
29-6-1998

సుబ్బన్నా,

మొదట నీకు ఒక సంగతి తెలియాల. నా ఉత్తరాలు రాసేది, నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది ఎస్తేరు. పెంచలయ్య పెండ్లాం. మిషన్ బడిలో పదో తరగతి దాకా చదివింది. నువ్వు ముత్యాలన్నావే, ఆ అక్షరాలు ఆ పిల్లవే. ‘అట్లాంటోళ్ళు ఈడ కాకుంటే ఇంకొక తావున ఉంటారు’ అన్న మాటను కూడా అదే చదివింది. చదవతా చదవతా ఆడ ఆగలేదు, గొంతు మారలేదు, కొబ్బరినూనె దాకా చదివి మడిచి నా చేతికిచ్చింది. తలకాయ యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు నాకు. ఈ మాట రాయొద్దంటా ఉండాది ఇప్పుడు కూడా. రాయమంటా ఉండా.

కుర్చీని గౌరవించమని రాసినావు. అంటే నువ్వు కూడా ఆయన పక్కే. ముప్పై ఏండ్లు అట్లాంటోళ్ళ పక్కన నిలబడి రాసి రాసి నీకు వాళ్ళే దేవుళ్ళయినారు. అయినా నీ మాట పారెయ్యలేదు. నిన్నటి మీటింగులో ఏం జరిగిందో విను.

రిజిస్టరు వచ్చింది, ఏలిముద్ర వేసినా. కృష్ణమూర్తి తలకాయలు లెక్కపెట్టి మీటింగు మొదలు పెట్టినాడు. నేను లేచి, నువ్వు చెప్పినట్లే కుర్చీని చూసి, గొంతు దించి అడిగినా.

“అధ్యక్షా, ఎంతమంది వచ్చినారు?”

“తొమ్మిదిమంది. తొమ్మిది కావాలి, కోరం ఉంది.”

“ఆ తొమ్మిదిలో నేనుండానా?”

“ఉన్నారు కదమ్మా, ఎదురుగా.”

“ఓటుకు ఎంతమంది?”

రిజిస్టరు తిప్పి చూసినాడు. “ఎనిమిది” అన్నాడు.

“అంటే మీటింగు జరిపేదానికి నేను మనిషిని, చెయ్యెత్తేదానికి మాత్రం కాదు. నా ఏలిముద్ర సగానికి చెల్లి సగానికి చెల్లకుండా పోతాదా అధ్యక్షా? పూరా చెల్లకపోతే పూరా చెల్లకుండానే పోనీ” అని నా చెంబు ఎత్తుకోని బయటికి వచ్చేసినా.

గడప దాటినానో లేదో శకుంతలమ్మ గొంతు వినబడింది. “ఇప్పుడు ఎనిమిదిమందే ఉండాం, కోరం లేదండీ.” కృష్ణమూర్తి యప్ప మొహం సూడాల్సింది నువ్వు! షెడ్డు ప్లాను గీసిన కాయితం చుట్టుకోని మూడో అంతస్తుకు ఎక్కినాడు. మీటింగు జూలై పంతొమ్మిదికి వాయిదా పడింది. చదువురాని దాన్ని, లేచి నడిచి ఇంజినీరు మీటింగును నిలిపేసినా. మీ బావ ఉండి ఉంటే ఆపొద్దు పాయసం చేయించుకోని ఉండు.

నియమావళి శకుంతలమ్మ దగ్గర ఉంటే ఎస్తేరు పన్నెండు పేజీలూ నకలు రాసింది. దీంతోపాటు పంపిస్తా ఉండా. రెండు పూటలు పట్టింది దానికి. దాని గది పోతాదా ఉంటాదా అని రాసి ఉండే కాయితం అది. ఒక్క కొట్టివేత లేదు, సూడు.

దేవకమ్మ (ఏలిముద్ర)


చిత్తూరు,
3-7-1998

అక్కా,

ఈ ఉత్తరంలో మొదటి నాలుగు మాటలు నీకు కాదు, చదువుతున్న ఎస్తేరుకు.

అమ్మా ఎస్తేరూ, నేను రాసింది తప్పు. ఎవరు చదువుతారో తెలియక రాసినానని సాకు చెప్పను. ఎవరూ చదవకపోయినా అది తప్పే. నీ నకలులో పన్నెండు పేజీలకు ఒక్క తప్పు దొరకలేదు. మినిట్సు రాసి రిటైరైనవాడు చెప్తున్నాడని నమ్ము.

ఇప్పుడు అక్కకు. నీ నడక బ్రహ్మాండం. చదివి ఒక్కడినే నవ్వుకున్నా. కానీ నియమావళి చదివినాక గుండె జారింది. పంతొమ్మిదో నిబంధన ఏమంటుందంటే, కోరం లేక వాయిదా పడిన మీటింగు మళ్ళీ పెట్టినప్పుడు ఇంక కోరం అక్కర్లేదు. నలుగురు వచ్చినా చాలు, ఆ నలుగురూ చెయ్యెత్తితే గది పోయినట్లే. నువ్వు లేచి రావడంతో ఆయన పని సుళువయింది. ఈసారి అలిగి లేస్తే పనికిరాదు. మన మనుషులు ప్రతి ఒక్కరూ వచ్చి కూర్చోవాల.

నీకు పనికొచ్చేవి మూడున్నాయి. ఒకటి, పధ్నాలుగో నిబంధన: ఇల్లు ఎవరి పేరున రిజిస్టరయితే వాళ్ళే సభ్యులు. సంతకం అని గానీ వేలిముద్ర అని గానీ ఎక్కడా లేదు. రెండు, ఇరవై రెండు: అధ్యక్షుడికి సొంత లాభం ఉన్న విషయం చర్చకు వస్తే ఆయన కుర్చీ దిగాల, వచ్చినవాళ్ళు తమలో ఒకరిని ఆ పూటకు కూర్చోబెట్టుకోవాల. మూడు, ఇరవై మూడు: కుర్చీలో ఉన్నవాళ్ళు వాదించకూడదు, ఓటు వెయ్యకూడదు. రెండు పక్కలా ఓట్లు సమానమయితేనే వాళ్ళ ఓటు. అట్లా వచ్చినప్పుడు ఎట్లా వెయ్యాల్నో పుస్తకంలో లేదు గానీ, మంచి అధ్యక్షులు పాటించే పద్ధతి ఒకటుంది. సగం మంది వద్దన్న మార్పును ఒక్క చెయ్యి చెయ్యకూడదు. ఉన్నది ఉన్నట్లే వదిలెయ్యాల.

నేను ఆయన పక్క కాదక్కా. ముప్పై ఒక్క ఏండ్లు ఆ కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చున్నా. మంచోళ్ళనూ చూసినా, చెడ్డోళ్ళనూ చూసినా. మనిషి చెడ్డవాడయినా కుర్చీ చెడ్డది కాదు. దాన్ని గౌరవించమన్నది అందుకే.

ఆఖరు మాట. నీ బలం నీ న్యాయంలో ఉంది, నోట్లో కాదు. ఈ ఒక్క మీటింగుకు నువ్వు నోరు మూసుకోని ఉండగలిగితే గెలుస్తావు.

సుబ్బన్న


తిరపతి,
8-7-1998

సుబ్బన్నా,

నోరు మూసుకోమన్నావు. అక్కను. నీకు అమ్మ చచ్చిపోయినప్పుడు తొమ్మిదేండ్లు, నిన్ను బడిలో చేర్చుకోమని అయ్యవారి గడపలో గొంతు పోయేదాకా అరిచింది ఈ నోరే. నేను ఆపొద్దు నోరు మూసుకోని ఉంటే నువ్వు యాడ మినిట్సు రాసేది?

నేను లేచి రావడం తప్పన్నావు. అయితే తప్పే. ఆ తప్పును నా కాళ్ళే సరిచేస్తా ఉండాయి. లిఫ్టు చెడిపోయి పది దినాలాయె. మెట్లు పట్టుకోని నాలుగంతస్తులూ ఎక్కి ఇంటింటికీ పోతా ఉండా. ‘నాకు ఓటెయ్యి’ అని అడగలేదు ఎవుర్నీ. ‘వచ్చి కూర్చో, ఎట్లన్నా చెయ్యెత్తు, రాకుండా మాత్రం ఉండొద్దు’ అనే చెప్తా ఉండా. కృష్ణమూర్తి ఇంటికి కూడా పోయినా. ఆయన పెండ్లాం కాఫీ ఇచ్చింది, తాగినా.

మీటింగు అయ్యేదాకా నాకు ఉత్తరం రాయొద్దు. మామిడికాయలు కూడా పంపొద్దు.

దేవకమ్మ (ఏలిముద్ర)

(అయ్యా, అమ్మ కోపంగా చెప్పినారు గానీ మీ కాయితం దిండు కింద పెట్టుకోని ఉండారు. ఇరవై రెండో నిబంధన దినామూ నాతో చదివించుకోని నోటికి నేర్చుకున్నారు. ఈ మాట నేను రాసినట్లు అమ్మకు తెలీదు. — ఎస్తేరు)


తిరపతి,
20-7-1998

నాయనా సుబ్బన్నా,

తీరిగ్గా కూర్చోని చదువు. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

నిన్న పదైదు ఇండ్లోళ్ళు వచ్చినారు. ఒక్క ఇంటోళ్ళు మద్రాసులో ఉండారు, అంతే. అంతమందిని చూసి కృష్ణమూర్తి కొంచెం తగ్గినాడు గానీ నవ్వు పోలేదు. శకుంతలమ్మ పధ్నాలుగో నిబంధన చదివింది. “సరే, వేలిముద్రకూ ఓటు ఉందనుకుందాం” అన్నాడు. అనుకునేది ఏముంది, ఉండాది. సరే అని ఊరుకున్నా.

షెడ్డు సంగతి తీసేటప్పటికి నేను లేచినా. “అధ్యక్షా, షెడ్డు ఎవురి కారుకు?”

“సంఘానికి.”

“సంఘానికి కారు ఉండాదా అధ్యక్షా?”

అందరూ పక్కుమన్నారు. ఈ బిల్డింగులో కారు ఉండేది ఆయనొక్కడికే. ఇరవై రెండో నిబంధన గుక్క తిప్పుకోకుండా చెప్పేసినా. ఆయన మొహం ఎర్రగా అయిపోయింది. లేచినాడు. లేచి ఊరుకున్నాడా? “ఇంత రూల్సు తెలిసినామె దేవకమ్మగారే కూర్చోవాలి. నోరు మూసుకొని మీటింగు ఎట్లా నడుపుతారో చూస్తాం” అన్నాడు. కుర్చీలో ఉంటే వాదం లేదు, ఓటు లేదు అని ఆయనకు తెలుసు. నన్ను కుర్చీలో పెట్టి నా నోటికి తాళం వేద్దామని. ఆయన మాట పూర్తి కాకముందే శకుంతలమ్మ “నేను బలపరుస్తున్నా” అనింది. ఇంగేముంది, ఎక్కి కూర్చున్నా. పెద్ద చేతుల కుర్చీ. కాళ్ళు నేలకు ఆనలేదు.

సుబ్బన్నా, నువ్వు నోరు మూసుకోమని ఎందుకు రాసినావో ఆడ కూర్చున్నాక తెలిసొచ్చింది. మొదట కృష్ణమూర్తినే మాట్లాడమన్నా. అరగంట మాట్లాడినాడు. మెట్ల కింద పొయ్యి పొగంట, తాడు మీద గుడ్డలు ఆరేస్తే బిల్డింగు మర్యాద పోతాదంట. ఒక్కొక్క మాటకు పది జవాబులు నా గొంతు దాకా వచ్చినాయి. పండ్లు బిగపట్టుకుంటే ఉండే నాలుగు పండ్లూ సలిపినాయి. మధ్యలో ఎవురో అడ్డం మాట్లాడితే పెన్నుతో బల్ల కొట్టినా. “ఆయన్ను చెప్పనీండి” అన్నా. నేను! ఆయన కోసం!

తర్వాత అడిగినా. “పెంచలయ్య సభ్యుడు కాదు. సభ ఒప్పుకుంటే రెండు మాటలు చెప్తాడు. ఒప్పుకుంటారా?” ఒప్పుకున్నారు. పెంచలయ్య తువ్వాలు చేతిలో పిండుకుంటా నిలబడినాడు.

“నేను మాట్లాడేదానికి ఏముందమ్మా. ఏ వాల్వు ఏ ఇంటిదో, మోటారు నీళ్ళు లాగకపోతే ఏం చెయ్యాల్నో నాకొక్కనికే తెలుసు. పోయే ముందర ఎవురికి నేర్పించి పోవల్నో చెప్పండి, నేర్పించి పోతా” అన్నాడు. అంతే. కూర్చున్నాడు.

చేతులెత్తమనబోతే రెండో అంతస్తాయన లేచినాడు. “కృష్ణమూర్తిగారికి ఇందులో సొంత లాభం ఉంది, ఆయనకు ఓటు ఉండకూడదు” అన్నాడు. మన పక్క మనిషే. ఆ మాట ఒప్పుకోని ఉంటే ఆడికే గెలిచేసి ఉందుము. అందరూ నా మొహం చూస్తా ఉండారు. ఎస్తేరు వాకిట్లో నిలబడి ఉండాది. దాని మొహం నేను సూడలేదు, చూస్తే తప్పుతానని. నిబంధనలో కుర్చీ దిగాలని ఉండాది గానీ ఓటు పోతాదని లేదు గదా? నువ్వు రాసినదాంట్లో అయితే లేదు. “ఆయన కుర్చీ వదిలినాడు గానీ ఇల్లు వదల్లేదు. ఇల్లుండే ప్రతి చెయ్యీ లెక్కలోకి వస్తాది. ఆయన చెయ్యి ఎత్తొచ్చు” అని చెప్పేసినా. ఒక చెయ్యి లెక్కలోకి రాకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసు గదరా.

కృష్ణమూర్తి నన్ను అట్లనే చూసినాడు. తర్వాత చెయ్యెత్తినాడు.

ఏళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టినా. షెడ్డు కావాలనేది ఏడు. వద్దనేది ఏడు.

నీ మాట ఉండాది గదా. “సగం మంది వద్దన్న పనిని నేనొక్కదాన్నీ చెయ్యను. ఉన్నది ఉన్నట్లే ఉంటాది. గది ఉన్నట్లే ఉంటాది” అన్నా. ఇంకొకటి కూడా చెప్పినా. “ఇది ఎస్తేరు కోసం చేసింది కాదు. ఆ తావులో షెడ్డే ఉండి, దాన్ని పీకాలని మీరు ఏడూ ఏడూ అయి ఉంటే, షెడ్డునే నిలబెట్టి ఉందును.” నిజంగా నిలబెట్టి ఉందునా అని ఇంటికొచ్చి ఆలోచించుకున్నా. నిలబెట్టి ఉందును. ఏడ్చుకుంటా నిలబెట్టి ఉందును.

తర్వాత మినిట్సు పుస్తకం వచ్చింది. ఆ అంశానికి కుర్చీలో ఎవురుంటే వాళ్ళే కింద సంతకం చెయ్యాలంట. ముందర పేజీలన్నీ తిప్పి చూపించింది శకుంతలమ్మ, ఆరేండ్లుగా అన్నిట్లో ఆయన సంతకమే, మెలికలు మెలికలుగా. ఈ పేజీకి ఏలిముద్ర వెయ్యాలంటే ఇంకు ప్యాడు లేదు, రిజిస్టరు మీద ఒత్తినాక కృష్ణమూర్తి ఇంటికి తిరిగిపోయింది. ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటా ఉంటే కృష్ణమూర్తే లేచినాడు. లిఫ్టు ఇంకా నడవదు. మూడంతస్తులు ఎక్కి, ప్యాడు ఎత్తుకోని, దిగి వచ్చి, మూత తీసి నా ముందర పెట్టినాడు. రొప్పుతా ఉండాడు పాపం. “కూర్చోయ్యా ముందు, మంచినీళ్ళు తాగు” అన్నా. చదివి వినిపించమన్నా. చదివినారు. వేసినా. అధ్యక్షుడి సంతకం అని అచ్చేసి ఉండే గీత మీద, నా ఎడమ బొటనవేలు.

తర్వాతి అంశం లిఫ్టు రిపేరు. దాంట్లో ఆయనకు లాభం లేదు, కుర్చీ ఆయనకే ఇచ్చేసినా. కూర్చోబోతా ఆగి, “అనుమతిస్తారా?” అన్నాడు. ఎగతాళికి కాదు.

“అనుమతిస్తా ఉండా” అన్నా.

నువ్వు ముప్పై ఒక్క ఏండ్లు స్టూలు మీద కూర్చోని రాసినావు. నీకు ఆ కుర్చీ రాలేదని నేను ఒక్కనాడూ అనుకోలేదు, నువ్వూ అనలేదు. నిన్న దాంట్లో కూర్చునింది నేనొక్కదాన్నే కాదు. నీ మూడు నిబంధనలూ నా పక్కనే కూర్చున్నాయి. ఈ మాట ఇంకెవురికీ చెప్పొద్దు, ఎస్తేరు కూడా చెప్పదు.

మామిడికాయలు ఇంకా ఉంటే పంపించు. రెండు గంపలు. ఒకటి మెట్ల కింద గదికి. గడ్డి వెయ్యడం మరిచిపోవద్దు.

నీ అక్క,
దేవకమ్మ (ఏలిముద్ర)

పై ఉత్తరం మొత్తం అమ్మకు చదివి వినిపించినాను. విని, సరిగ్గా ఉండాదని చెప్పి, నా ముందర వేలిముద్ర వేసినారు.
సాక్షి: ఎస్తేరు, మెట్ల కింద గది, వకుళ నివాస్, తిరుపతి.